సంఖ్యాతపస్వి రామానుజన్

మన పంచాంగంలో ప్రభవ మొదలు అక్షయ వరకు సంవత్సరాలు అరవై. ఒక అహోరాత్రానికి ఘడియలు అరవై. ఒక ఘడియకు విఘడియలు అరవై. గడియారంలో గంటకు నిమిషాలు అరవై, నిమిషానికి సెకనులు అరవై. పది వేళ్ళతో లెక్కించే మనిషికి నూరు ఆత్మబంధువు వంటిది. అయినా పంచుకోవలసి వచ్చినప్పుడు అరవై చూపే ఔదార్యం నూరు చూపలేదు. నూరును శేషం లేకుండా భాగించే సంఖ్యలు తొమ్మిది మాత్రమే. అరవైని భాగించేవి పన్నెండు: 1, 2, 3, 4, 5, 6, 10, 12, 15, 20, 30, 60. అరవై కంటే చిన్నదైన ఏ సంఖ్యకూ పన్నెండు భాజకాలు లేవు.

తనకంటే చిన్నవైన సంఖ్యలన్నిటికంటే ఎక్కువ భాజకాలు గల సంఖ్యను అతిసంయుక్త సంఖ్య అనవచ్చు. 2, 4, 6, 12, 24, 36, 48, 60, 120 ఈ వరుసలో మొదటివి. ఇటువంటి సంఖ్యలను ఒక జాతిగా గుర్తించి, వాటికి పేరు పెట్టి, వాటి స్వభావాన్ని నిరూపించి, ఆరు లక్షల కోట్లు దాటేవరకు పట్టిక కట్టినవాడు శ్రీనివాస రామానుజన్. నేటి ఇంటర్మీడియట్ వంటిదైన ఎఫ్.ఏ. పరీక్షలో రెండుసార్లు తప్పిన ఆ యువకునికి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పట్టాన్ని సంపాదించి పెట్టినది ఈ సంఖ్యల పరిశోధనే.

రామానుజన్ 1887 డిసెంబరు 22వ తేదీన తమిళనాడులోని ఈరోడులో మాతామహుల ఇంట జన్మించాడు. తండ్రి శ్రీనివాస అయ్యంగార్ కుంభకోణంలో ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ దైవభక్తి కలిగిన ఇల్లాలు. ఆలయంలో భజనలు పాడేది. శార్ఙ్గపాణి స్వామి ఆలయ వీథిలోని చిన్న ఇంట్లో రామానుజన్ బాల్యం గడిచింది. 1897లో ప్రాథమిక పరీక్షలో తంజావూరు జిల్లాకు ప్రథముడై నిలిచి, మరుసటి ఏడు టౌన్ హైస్కూలులో చేరాడు. అక్కడ అతనికి ఏ పాఠమూ కష్టమనిపించలేదు. గణితంలో బహుమతులు అందుకున్నాడు, ఉపాధ్యాయులు ముచ్చటపడేవారు.

పదిహేను, పదహారేళ్ళ ప్రాయంలో అతని చేతికి ఒక గ్రంథం వచ్చింది. కార్ అనే ఆంగ్లేయుడు విద్యార్థులను పరీక్షలకు సిద్ధం చేయడానికి కూర్చిన సంగ్రహం అది. అందులో దాదాపు ఐదువేల గణిత ఫలితాలు ఒకదాని వెంట ఒకటిగా ఉన్నాయి. పూర్తి నిరూపణలు మాత్రం లేవు. సామాన్యుడు విసుగుతో మూసివేయదగిన ఆ పుస్తకం రామానుజన్‌ను ఆకట్టుకున్నది. ఒక్కొక్క ఫలితాన్నీ తానే స్వయంగా సాధించుకుంటూ పోయాడు. ఆ దారిలో పుస్తకంలో లేని కొత్త ఫలితాలు ఎదురయ్యాయి. కాగితం కొనే స్తోమత లేదు. పలక మీద లెక్కచేసి, మోచేతితో తుడిచి, చివరి ఫలితాన్ని మాత్రం నోటుపుస్తకంలోకి ఎక్కించుకునేవాడు. నిరూపణ పలకతోపాటు చెరిగిపోయేది. ఈ అలవాటు అతనికి ఒక బలమూ అయింది, ఒక లోపమూ అయింది.

1904లో విద్యార్థివేతనంతో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో చేరాడు. అప్పటికి గణితం అతని కాలాన్నంతటినీ ఆక్రమించింది. ఇంగ్లీషు మొదలైన తక్కిన విషయాలు నిర్లక్ష్యానికి గురి అయ్యాయి. ఫలితంగా విద్యార్థివేతనం పోయింది. పేద తండ్రికి ఆ దెబ్బ చిన్నది కాదు. ఆత్మాభిమాని అయిన కొడుకుకు అంతకంటే పెద్దది. 1905లో ఎవరికీ చెప్పకుండా ఇల్లు విడిచి విశాఖపట్టణం దిశగా వెళ్ళిపోయాడు. తల్లిదండ్రులు కలతచెంది వెదకించారు. కొంతకాలానికి అతడు ఇల్లు చేరాడు. 1906లో మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో చేరి తిరిగి ప్రయత్నించాడు. ఆరోగ్యం అనుకూలించలేదు. ఆ ఏడు డిసెంబరులో ఎఫ్.ఏ. పరీక్ష వ్రాసి తప్పాడు. మరుసటి ఏడు మళ్ళీ వ్రాసి మళ్ళీ తప్పాడు. గణితంలో అతనికి సాటి లేరు. కాని పరీక్ష ఒక్క గణితాన్నే అడగదు. పట్టా లేదు, పట్టా లేనివానికి ఉద్యోగం లేదు.

1909లో జానకితో వివాహం జరిగింది. సంసార భారం మీద పడింది. నోటుపుస్తకాలు చంకన పెట్టుకొని ఉద్యోగం కోసం రామానుజన్ ఊరూరా తిరిగాడు. భారతీయ గణిత సంఘాన్ని స్థాపించిన వి. రామస్వామి అయ్యర్ ఆ పుస్తకాలను చూసి అబ్బురపడ్డాడు. ఆయన వంటివారి తోడ్పాటుతో, అప్పటి నెల్లూరు జిల్లా కలెక్టరు, గణితాభిమాని అయిన ఆర్. రామచంద్రరావును రామానుజన్ ఆశ్రయించాడు. ఆయన మొదట సందేహించాడు. విన్నకొద్దీ సందేహం తీరింది. యువకుడు కోరినది ధనం కాదు, తీరిక. తిండికి లోటులేక లెక్కలు చేసుకునే తీరిక. రామచంద్రరావు నెలకు ఇరవై ఐదు రూపాయలు ఇచ్చి ఆదుకున్నాడు. 1911లో రామానుజన్ తొలి వ్యాసం భారతీయ గణిత సంఘ పత్రికలో వెలువడింది. పరుల సొమ్ము మీద ఎంతోకాలం ఆధారపడడం ఇష్టంలేక 1912 మార్చిలో మద్రాసు పోర్టు ట్రస్టులో ముప్పై రూపాయల జీతానికి గుమాస్తాగా చేరాడు. అక్కడి ప్రధాన గణకుడు ఎస్. నారాయణ అయ్యర్ స్వయంగా గణితజ్ఞుడు. ఆయనా, ట్రస్టు అధ్యక్షుడు సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్‌ కూడా ఈ గుమాస్తా విలువను గుర్తించారు.

1913 జనవరి 16వ తేదీన రామానుజన్ కేంబ్రిడ్జిలోని ఆచార్య జి. హెచ్. హార్డీకి ఒక ఉత్తరం వ్రాశాడు. దానితో నిరూపణలు లేని ఫలితాలను ఎన్నింటినో జతచేశాడు. అంతకుముందు ఇంగ్లండులోని ఇతర పండితులకు వ్రాసిన ఉత్తరాలు ఫలించలేదు. హార్డీ మాత్రం తన మిత్రుడు లిటిల్‌వుడ్‌తో కూర్చొని ఆ కాగితాలను పరిశీలించాడు. కొన్ని ఫలితాలు తెలిసినవే. కొన్ని తప్పు. మరికొన్ని మాత్రం వారు ఎన్నడూ కనివిని ఎరుగనివి. వ్రాసినవాడు అసామాన్యుడని ఇద్దరూ నిశ్చయించారు. ఆ సంవత్సరమే మద్రాసు విశ్వవిద్యాలయం రామానుజన్‌కు నెలకు డెబ్బై ఐదు రూపాయల పరిశోధక వేతనం మంజూరు చేసింది. సముద్ర ప్రయాణం ఆచారవిరుద్ధమని తొలుత సంశయించిన కుటుంబం చివరకు అంగీకరించింది. 1914 మార్చి 17వ తేదీన ఓడ ఎక్కి, ఏప్రిల్ మధ్యకు అతడు ఇంగ్లండు చేరుకున్నాడు.

కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో హార్డీ అతనికి స్నేహితుడూ గురువూ అయినాడు. సత్యం గోచరించడం వేరు, దానిని ఇతరులు కాదనలేని విధంగా నిరూపించడం వేరు. రామానుజన్‌కు మొదటిది సహజసిద్ధం. రెండవది నేర్చుకోవలసి వచ్చింది. అతని స్ఫూర్తి దెబ్బతినకుండా నిరూపణ పద్ధతి నేర్పడం హార్డీకీ పరీక్షే. ఇంతలో 1914 జూలై చివర మొదటి ప్రపంచయుద్ధం ప్రారంభమైంది. శాకాహార నియమం విడువని రామానుజన్ తన గదిలో తానే వండుకొని, చలిదేశంలో ఒంటరిగా లెక్కలు చేశాడు. ఆ కాలపు కృషి ఫలమే 1915లో లండన్ గణిత సంఘ పత్రికలో అచ్చయిన అతిసంయుక్త సంఖ్యల వ్యాసం. అరవై పుటలకు మించిన ఆ వ్యాసం కూడా పూర్తి రచన కాదు. ఆనాడు ఆ సంఘం ఆర్థికపు ఇబ్బందుల్లో ఉన్నది. అచ్చు ఖర్చు తగ్గించడానికి రామానుజన్ తాను వ్రాసిన దానిలో కొంత భాగాన్ని విడిచిపెట్టవలసి వచ్చింది.

ఆ వ్యాసంలోని పట్టికలో నూరుకు పైగా సంఖ్యలున్నాయి. చిట్టచివరిది 67,46,32,83,88,800. అంటే ఆరు లక్షల డెబ్బై నాలుగువేల ఆరువందల ముప్పై రెండు కోట్ల ఎనభై మూడు లక్షల ఎనభై ఎనిమిది వేల ఎనిమిది వందలు. ఒకటి మొదలు ఇరవై ఎనిమిది వరకు గల ప్రతి సంఖ్యా దీనిని శేషం లేకుండా భాగిస్తుంది. ఇరవై తొమ్మిది దగ్గర మాత్రం శేషం మిగులుతుంది.

ఈ సంఖ్యకు భాజకాలు ఎన్ని? వాటినన్నిటినీ వ్రాసి లెక్కపెట్టనక్కరలేదు. సంఖ్యను ప్రధాన సంఖ్యల లబ్ధంగా విడదీస్తే చాలు. అరవైలో రెండు రెండుసార్లు, మూడు ఒకసారి, ఐదు ఒకసారి ఉన్నాయి. అరవైకి భాజకం కావలసిన సంఖ్య రెండును అసలు తీసుకోకపోవచ్చు, ఒకసారి తీసుకోవచ్చు, రెండుసార్లు తీసుకోవచ్చు, అవకాశాలు మూడు. మూడు విషయంలో రెండు, ఐదు విషయంలో రెండు. ఈ మూడింటినీ గుణిస్తే పన్నెండు. రామానుజన్ పట్టికలోని చివరి సంఖ్యలో రెండు ఆరుసార్లు, మూడు నాలుగుసార్లు, ఐదు రెండుసార్లు, ఏడు రెండుసార్లు ఉన్నాయి; 11, 13, 17, 19, 23 ఒక్కొక్కసారి ఉన్నాయి. ఒక్కొక్క లెక్కకు ఒకటి కలిపి గుణిస్తే 7 × 5 × 3 × 3 × 2 × 2 × 2 × 2 × 2, అనగా 10,080. దీనికంటే చిన్నదైన ఏ సంఖ్యకూ ఇన్ని భాజకాలు ఉండవు.

6, 4, 2, 2, 1, 1, 1, 1, 1 అనే ఈ వరుసలో ఎక్కడా పెరుగుదల లేదు. అది కాకతాళీయం కాదు. రెండుకు నాలుగుసార్లు, మూడుకు ఆరుసార్లు చోటిచ్చామనుకుందాం. భాజకాల లెక్క మారదు. సంఖ్య మాత్రం రెండుంబావు రెట్లు పెరుగుతుంది. అంతే భాజకాలతో అంతకంటే చిన్న సంఖ్య ఉన్నప్పుడు పెద్దది అతిసంయుక్తం కాజాలదు. కనుక చిన్న ప్రధాన సంఖ్యలకు ఎక్కువ వంతు, పెద్దవాటికి తక్కువ వంతు తప్పనిసరి. నడుమ ఏ ప్రధాన సంఖ్యనూ దాటిపోవడానికి వీలులేదు. 4, 36 అనే రెండింటిని మినహాయిస్తే, ప్రతి అతిసంయుక్త సంఖ్యలోనూ చివరి ప్రధాన సంఖ్య ఒక్కసారే వస్తుందని రామానుజన్ నిరూపించాడు. ముందుకు పోయేకొద్దీ ఈ జాతిలో పక్కపక్కనున్న రెండు సంఖ్యల నిష్పత్తి ఒకటికి చేరువవుతుందని కూడా నిరూపించాడు. ఒకనాడు నిరూపణను పలకతోపాటు తుడిచివేసిన చేయి ఇప్పుడు మెట్టు మెట్టుకూ ఆధారం చూపింది. ఈ విషయం గణితశాస్త్ర ప్రధాన మార్గానికి కొంత దూరమని హార్డీ భావించాడు. అయినా అందులో రామానుజన్ చూపిన నేర్పును మాత్రం ఎంతగానో మెచ్చుకున్నాడు.

అయితే ఈ సాధారణ నియమాలతోనే పట్టిక తయారుకాదు. ఏ సంఖ్య తరువాత ఏది వస్తుందో ఒక్క సూత్రంతో చెప్పే మార్గం రామానుజన్‌కు లభించలేదు. ఒక్కొక్క సంఖ్యనూ పరీక్షించి, పోల్చి నిర్ణయించవలసిందే. లెక్కించే యంత్రం తోడులేకుండా లక్షల కోట్ల వరకు అతడు ఆ పని చేశాడు. అంతటి పట్టికలో ఒకే ఒక సంఖ్య జారిపోయింది. అది 2,93,31,86,25,600. దాని భాజకాలు 5,040. రామానుజన్ పట్టిక చివర నిలిపిన సంఖ్య సరిగ్గా దీనికి ఇరవై మూడు రెట్లు. కొసనున్న పెద్ద సంఖ్యను పట్టుకున్న చూపు, దాని గర్భంలోనే ఉన్న చిన్నదానిని ఆ ఒక్కసారి ఏమరింది. తరువాతివారు ఆ లోటును గుర్తించి పూరించారు. దానివలన పట్టిక సంపూర్ణమైంది. రామానుజన్ కీర్తికి కొరత రాలేదు. గణితంలో ఎంతటివాని మాటనైనా పరిశీలించవలసిందేనన్న నియమానికి ఈ లోటు ఒక సాక్ష్యం.

1916 మార్చిలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం రామానుజన్‌కు పరిశోధన ద్వారా బి.ఏ. పట్టాను ప్రదానం చేసింది. తరువాతి కాలంలో ఇటువంటి పట్టానే పిహెచ్.డి. అన్నారు. అతడు సమర్పించిన సిద్ధాంతవ్యాసానికి అతిసంయుక్త సంఖ్యలే ప్రధాన విషయం. పరిశోధక విద్యార్థిగా చేరడానికి కావలసిన అర్హతలు అతనికి లేవు. ఆ నిబంధనను సడలించి చేర్చుకున్న విశ్వవిద్యాలయం తన నిర్ణయానికి చింతించవలసిన అవసరం కలగలేదు. కుంభకోణంలోనూ మద్రాసులోనూ చేజారిన పట్టా పదేళ్ళకు మరొక ఖండంలో చేతికి అందింది.

ఆ గెలుపు వెనుకనే అనారోగ్యం తరుముకు వచ్చింది. 1917లో రామానుజన్ మంచం పట్టాడు. క్షయ అని నాటి వైద్యులు భావించారు. ఒక ఆరోగ్యశాల నుంచి మరొక ఆరోగ్యశాలకు మారుతూనే అతడు పరిశోధన సాగించాడు. 1918లో రాయల్ సొసైటీ అతనిని సభ్యునిగా ఎన్నుకున్నది. ఆ గౌరవం పొందిన రెండవ భారతీయుడు అతడు. అదే సంవత్సరం ట్రినిటీ కళాశాల ఫెలోగా ఎన్నికైన మొదటి భారతీయుడూ అయినాడు.

లోకానికి బాగా తెలిసిన కథ ఆ రోజులలోనిదే. పుట్నీలో చికిత్స పొందుతున్న మిత్రుని చూడవచ్చిన హార్డీ, తాను ఎక్కివచ్చిన టాక్సీ సంఖ్య 1729 అనీ, అందులో విశేషమేమీ కనిపించలేదనీ చెప్పాడు. రెండు ఘనాల మొత్తంగా రెండు విధాలుగా వ్రాయగల సంఖ్యలలో మిక్కిలి చిన్నది అదేనని రోగి మంచం మీదనుంచే సమాధానమిచ్చాడు. 1, 12 ల ఘనాలను కూడినా 1729 వస్తుంది. 9, 10 ల ఘనాలను కూడినా అదే వస్తుంది. భాజకాల కొలతతో చూస్తే ఈ సంఖ్య నిరుపేద. దానికి ఉన్నవి ఎనిమిది భాజకాలే. దానికంటే చిన్నదైన 1680 నలభై భాజకాలతో అతిసంయుక్త సంఖ్యల పంక్తిలో కూర్చున్నది. ఒక కొలతలో వెనుకబడిన సంఖ్య మరొక కొలతలో ముందు నిలిచింది. రెండింటి గొప్పతనమూ తెలిసినవాడు రామానుజన్.

1919లో అతడు స్వదేశానికి తిరిగివచ్చాడు. మద్రాసులో జానకి కంటికి రెప్పలా చూసుకున్నది. నొప్పి బాధిస్తున్నా కాగితాల మీద కలం ఆగలేదు. 1920 జనవరిలో హార్డీకి వ్రాసిన చివరి ఉత్తరంలో కూడా ఒక కొత్త గణిత విషయాన్నే ప్రతిపాదించాడు. 1920 ఏప్రిల్ 26వ తేదీన, ముప్పై రెండేళ్ళ వయసులో, రామానుజన్ కన్నుమూశాడు.

అతని చివరి రోజుల కాగితాలు ఏళ్ళ తరబడి మరుగున పడి ఉన్నాయి. 1976లో జార్జి ఆండ్రూస్ అనే అమెరికన్ గణితశాస్త్రజ్ఞుడు వాటిని ట్రినిటీ కళాశాల గ్రంథాలయంలో గుర్తించాడు. 1915లో ఖర్చుకు వెరచి విడిచిపెట్టిన అతిసంయుక్త సంఖ్యల వ్యాసభాగం 1988లో ఆ కాగితాలతోపాటు అచ్చయింది. 1997లో నికోలా, రోబిన్ అనే ఫ్రెంచి గణితజ్ఞుల వివరణలతో మరల వెలువడింది. డెబ్బై ఏళ్ళు నిరీక్షించినా ఆ పుటలు పాతబడలేదు. 2012 నుంచి రామానుజన్ జన్మదినాన్ని మన దేశం జాతీయ గణిత దినోత్సవంగా జరుపుకొంటున్నది.

పరీక్షలో తప్పడం రామానుజన్ గొప్పతనం కాదు. దానికి అతడూ అతని కుటుంబమూ ఎన్నో ఏళ్ళ దారిద్ర్యాన్ని మూల్యంగా చెల్లించారు. ఒక కొలతకు అందనివాడిని మరొక కొలతతో చూడగలిగిన రామస్వామి అయ్యర్, రామచంద్రరావు, నారాయణ అయ్యర్, హార్డీ వంటివారు ఎదురుకాకపోతే ఆ నోటుపుస్తకాలు కుంభకోణం ఇంటిలోనే చివికిపోయేవి. 1729కి భాజకాలు తక్కువని దానిని విలువలేని సంఖ్యగా రామానుజన్ తోసివేయలేదు. ఏ సంఖ్యనూ దాని సొంత విశేషం తెలుసుకోకుండా వదలని ఆ చూపును ఆయన మనుషులు తన పట్ల చూపారు. అందువల్లనే ఎఫ్.ఏ. తప్పిన ఒక గుమాస్తా కలం నుంచి 67,46,32,83,88,800 అనే సంఖ్య గణిత చరిత్రలోకి వచ్చి చేరింది.